ఫరో గుడికి ముగ్గు పోసిన శేషగిరి

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో గాలి సముద్రం మీంచి తిన్నగా వచ్చి, ఎవరింటి దుప్పటి ఎవరింటి తీగ మీద ఆరాలో తనే నిర్ణయిస్తుంది. అలాంటి గాలికి పెళ్లిపందిరి ఒక లెక్కా? అందుకే మంగతాయారు గారి కొత్తింటి వెనక దొడ్లో పందిరికి నాలుగు గుంజలూ కాంక్రీటులో పాతేశారు. మధ్యాహ్నం పోసిన కాంక్రీటు, టీ నీళ్లు మరిగేలోపే రాయిలా బిగుసుకుంది. ఇక ఆ గుంజల్ని కదపాలంటే ముందు దొడ్డిని కదపాలి.

రేపు పొద్దున్న ఆ గుంజల మధ్య పీటల మీద కూర్చోబోయేది మంగతాయారు గారి కూతురు సాహిత్య, వంశీధర్. వంశీధర్ ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చి, సగం చదువులోనే గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి, దాని మీదే పీఆర్ దాకా, అంటే ఇక్కడే ఉండిపోయే హక్కు దాకా, నెట్టుకొచ్చిన కుర్రాడు. పైకి మాత్రం బరువులెత్తేవాడిలా కనబడడు. సాహిత్య కప్పు కడిగి బోర్లిస్తే, ఆ కప్పు కింద ఉన్న గట్టు ఎంత పుణ్యం చేసుకుందో అని ఆలోచించే రకం.

అంత ప్రేమకీ పెళ్లి మాత్రం కుదిరి రావడం లేదు. ఇప్పటికి రెండుసార్లు ఆగింది. మొదటిసారి హాలు మాట్లాడేశాక, దాని వాకిలి దక్షిణానికి ఉందని మంగతాయారు గారు కనిపెట్టింది. రెండోసారి పంతులు గారి కారు ఫ్రీవే మీద ఇరుక్కుని, ఆయన దిగేసరికి ముహూర్తం ఆయన కంటే ముందే వెళ్లిపోయింది. ఈసారి ఆవిడ ముందుగానే చెప్పేసింది. పిల్లలిద్దరూ తూర్పు ముఖంగా కూర్చోవాలి. రవ్వంత తేడా వచ్చినా ఇక్కడ పెళ్లి లేదు, వచ్చే ఏడాది రాజమండ్రిలోనే. వచ్చే ఏడాది అన్న ఆ రెండు మాటలూ వంశీధర్ గొంతులో చేపముల్లులా దిగాయి. అన్నం దిగడం లేదు, మింగుతున్నాడంతే.

ఇంతకీ ఆ తూర్పు ఎటు? ఇంటి తాళాలు వచ్చింది నిన్న. రెండు రోజులుగా మబ్బు. ఆ కొత్త కాలనీలో వీధులు జిలేబీ చుట్టల్లా తిరుగుతాయి, ఎటునుంచి వచ్చామో ఎవరికీ గుర్తుండదు. వంశీధర్‌తో ఒకే ఇంట్లో ఉండే లక్ష్మీనారాయణన్న, కరీంనగర్ మనిషి, బస్సు నడుపుతాడు, దిక్కులు చూద్దామని ఫోన్ తీశాడు. పెళ్లి పనులకి సాయం వచ్చిన శేషగిరి గారు ఆ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టేశారు. చుట్టూ ఇనప ఫెన్సు ఉంటే ఫోన్‌లో ముల్లు దాని వైపే తిరిగి అబద్ధం చెబుతుందనీ, తన దగ్గర నాలుగు వేల ఏళ్ల నాటి పద్ధతి ఉందనీ అన్నారు.

శేషగిరి గారిది అమలాపురం దగ్గర. మెల్‌బోర్న్ వచ్చి జమానా అయింది, కిటికీలకి బ్లైండ్లు బిగిస్తారు. పోయినేడు టూర్‌లో ఈజిప్టు వెళ్లొచ్చారు. వెళ్లొచ్చినప్పటి నుంచీ ఆయన మాట్లాడితే ఇసక రాలుతుంది. మధ్యాహ్నం మబ్బు కాసేపు విడిపోగానే ఇల్లు తుడిచే మాప్ కర్ర నిలబెట్టారు. దాని నీడ చూశారు. "ఇదుగో, నీడ పడిన వైపు ఉత్తరం" అని తేల్చారు. దాన్నిబట్టి తూర్పు వైపు మేకు కొట్టి, దారం లాగి, బియ్యప్పిండితో ముగ్గు పోశారు. ఆ ముగ్గు మీదే గుంజలు పాతారు. తూర్పన్న వైపు దొడ్డి విశాలంగా ఉంది, అక్కడ చుట్టాలకి కుర్చీలు వేశారు. అవతల వైపు గుంజలకీ ఫెన్సుకీ మధ్య మనిషి పక్కగా నడిచేంత సందు. అంతా అయ్యాక మబ్బు మళ్లీ మూసుకుంది.

సాయంత్రం టీల దగ్గర మొదలైంది అసలు సంగతి. శేషగిరి గారు తూర్పు మేకు పక్కనే, దానికి వీపు పెట్టి, ఐసు పోసి కూల్‌డ్రింకులు పెట్టుకునే ఎస్కీ డబ్బా మీద సింహాసనంలా కూర్చున్నారు. లక్ష్మీనారాయణన్న బోర్లించిన బకెట్ మీద. మంగతాయారు గారు ఇంటి వైపు తిరిగి చాప మీద మావిడాకులు గుచ్చుతోంది. సాహిత్య వంటింటి మెట్టు మీద కూర్చుంది. వంశీధర్ గడ్డిలో కూర్చున్నాడు, అక్కడినుంచి శేషగిరి గారూ కనిపిస్తారు, సాహిత్యా కనిపిస్తుంది.

"ఈ నీడ ముచ్చట యాడ నేర్చినవే అన్నా?" అని లక్ష్మీనారాయణన్న ఊరికే అడిగాడు. అంతే చాలు ఆయనకి.

"నేర్చుకోవడం ఏముందిలే, చిన్న విషయం" అని మొదలెట్టారు శేషగిరి గారు. లక్సర్‌లో ఓ పెద్ద గుడి చూడడానికి వెళ్లారట. గైడు ఏదో చెబుతున్నాడట, అందరూ ఫొటోలు తీసుకుంటున్నారట. ఈయన ఒక్కరే ఓ మూల దగ్గర ఆగిపోయారట. "ముప్పై ఏళ్లు బ్లైండ్లు బిగించిన కన్ను కదా, వంకర ఉంటే నాకు పన్ను సలుపుతుంది. ఆ మూల, అగ్గిపుల్ల మందం ఎడమకి పోయింది. బాబూ, కాస్త చూసుకోండి అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు, పరాయి దేశం, మనకెందుకు."

ఆ మాట వినగానే గైడు చేతిలో గొడుగు జారిపోయిందట. వాడు పరిగెత్తి పెద్దవాణ్ని తెచ్చాడట, ఆ పెద్దవాడు ఇంకా పెద్దవాణ్ని తెచ్చాడట. ఆ ఇంకా పెద్దవాడు మూలకి టార్చి వేసి చూసి, ఈయన చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఆ గుడి కట్టించిన రాజు ఈ వంకర వల్లే పని ఆపేశాడనీ, దాన్ని కనిపెట్టినవాడు ఇన్నేళ్లకి దొరికాడనీ చెప్పి, తిన్నగా మ్యూజియంకి తీసుకుపోయాడట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అద్దాల పెట్టె. అందులో రాజు. పేరు చెప్పనని మాటిచ్చాను, అడక్కండి. నేను వెళ్లి ఇలా వంగానో లేదో, కుడి కన్ను తెరిచి, వచ్చావా అన్నాడు."

"తెలుగులనా?" అన్నాడు లక్ష్మీనారాయణన్న.

"మరి నాకు అరబ్బీ రాదు కదా. ముక్కుతో మాట్లాడాడనుకో. గుడ్డలు చుట్టేశారు, పాపం."

లక్ష్మీనారాయణన్న టీలోకి నవ్వాడు. వంశీధర్‌కి మాత్రం నవ్వు రాలేదు. తన గుడి పూర్తి కాక, అద్దాల పెట్టెలో కన్ను మూసుకుని, ఎవరో ఒకరు రాకపోతారా అని వేల ఏళ్లు పడుకున్న రాజు అతనికి కళ్లకి కట్టాడు. తన పెళ్లి ఎనిమిది నెలలు వాయిదా పడితేనే తను చిక్కి సగమయ్యాడు, మరి ఆయన ఎండిపోక ఏమవుతాడు? అతను తల తిప్పి సాహిత్యని చూశాడు. సాహిత్య తల వంచుకున్న వాళ్లమ్మ వైపు సైగ చేసి, ఇంకా ఎంతసేపు అన్నట్టు కళ్లు తిప్పింది. ఆ కళ్లు తిప్పడంలో కూడా అతనికి ఏదో వెన్నెల కనిపించింది.

శేషగిరి గారు రాజుని లేపి నిలబెట్టేశారు అప్పటికే. రాజుకి మోకాళ్లు పట్టేశాయట, ఈయన భుజం మీద చెయ్యి వేసి నడిచాడట. గుడి దగ్గర మళ్లీ మొదటినుంచి శాస్త్రప్రకారం ముగ్గు పోయాలన్నాడట. వాళ్ల శాస్త్రంలో తాడు లాగే ముహూర్తమే అన్నిటికంటే పెద్దది. ఒక మేకు రాజు పట్టుకుని కొట్టాలి, రెండో మేకు దేవత పట్టుకోవాలి. కొలతలకీ లెక్కలకీ వాళ్లకో అమ్మవారు ఉంది, చిరుతపులి తోలు కప్పుకుంటుంది.

"ఆవిడ వచ్చిందా మరి?" అంది మంగతాయారు గారు తలెత్తకుండా.

"రాలేదమ్మా. వేల ఏళ్లయింది కదా, ఎక్కడ స్థిరపడిందో. రాజు నా వైపు చూశాడు. తోలు నాకు కప్పారు. ఆ ఎండలో చిరుతపులి తోలు, ఒక పూటంతా. వీపు మీద ఇప్పటికీ దురద పోలేదు."

మేకులు కొట్టాక, తాడు లాగాక, రాజే పలుగు పట్టి గుంట తీశాడట. మొదటి ఇటుక రాజే స్వయంగా మట్టి తొక్కి, అచ్చులో వేసి కోశాడట. గుంటలో శుభ్రమైన ఇసక పోసి, చిన్నచిన్న సుత్తులూ ఉలులూ బొమ్మల్లాంటివి, రొట్టెలూ, ఒక బాతూ వేశారట. మన శంకుస్థాపనకి నవధాన్యాలు వేసినట్టే. అందరూ ఏదో ఒకటి వేస్తుంటే తను వట్టి చేతులతో నిలబడితే బాగుండదని శేషగిరి గారు జేబులోంచి తన స్టీల్ టేపు తీసి వేశారట. ఏ కాలంలోనో తవ్వినవాళ్లు దాని మీద మేడ్ ఇన్ చైనా అని చదివి, చరిత్ర మొత్తం తిరగరాస్తారని ఆయనకి కొంచెం బెంగగానే ఉందట.

గోడలు లేచాయి. స్తంభాలు లేచాయి. ఒక్కో స్తంభం తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత. సమస్య పైకప్పుతో వచ్చింది.

"ఒక్కో రాయి మన బస్సంత ఉంటుంది లక్ష్మీనారాయణా, నీ బస్సంత. దాన్ని పైకెలా ఎక్కించాలి? వాళ్ల పద్ధతి ఏంటంటే, హాలు నిండా మట్టి పోసుకుంటూ పోవడం, ఆ మట్టి మీద రాళ్లు లాక్కుపోవడం, కప్పు వేశాక మళ్లీ మట్టంతా తవ్వి బయటికి తియ్యడం. మంచి పద్ధతే, కాదనను. ఏళ్లు పడుతుంది. నాకు రిటర్న్ ఫ్లైట్ గురువారం."

ఆయన ఆగి టీ తాగారు. ఎవరైనా అడగాలి కదా. చివరికి వంశీధరే, ఆత్రం ఆపుకోలేక, మరేం చేశారంకుల్ అన్నాడు.

"ఇడ్లీ పిండి" అన్నారు శేషగిరి గారు.

మెట్టు మీద సాహిత్య మోకాళ్ల మధ్య మొహం దాచుకుంది. ఆయనకి అవేం పట్టలేదు. వాళ్ల టూర్‌లో సిడ్నీ టూంగాబీ నుంచి వచ్చిన ఒకావిడ సూట్‌కేసులో కిలో మినప్పప్పు తెచ్చుకుందట, పరాయి దేశంలో ఏం దొరుకుతుందోనని. ఆ పప్పు నైలు నీళ్లలో నానబోశారట. నైలు నీళ్లంటే మాటలా, ఎడారిలో గోధుమలు పండించిన నీళ్లు, కిలో పప్పు కాసేపటికి కొండంత అయిందట. దేశంలో ఉన్న తిరగళ్లన్నీ తెప్పించి రుబ్బించారట. సాయంత్రం హాలు నిండా మోకాటి లోతు పిండి పోసి, దాని మీద పైకప్పు రాళ్లు మూతల్లా పరిచి, అందరినీ పడుకోమన్నారట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈజిప్టు వేడికి పిండి పొంగింది. తెల్లారేసరికి రాళ్లన్నీ స్తంభాల మీదకి వచ్చేశాయి. నేను పైన కూర్చుని, ఎడమకి, ఇంకాస్త ఎడమకి, ఆఁ చాలు, అంటుంటే ఒక్కొక్కటీ గాట్లో కూర్చుంది. రాజు చప్పట్లు కొట్టబోయాడు. వేళ్లూడిపోతాయని నేనే వద్దన్నాను."

"మరి అంత పిండిని ఎట్ల తీసిన్రు?" లక్ష్మీనారాయణన్నకి ఇప్పుడు నిజంగానే తెలుసుకోవాలనిపించినట్టుంది.

తియ్యడం ఎందుకు, మధ్యాహ్నానికి ఎండకి గుడి గుడంతా ఉడికి ఒకటే ఇడ్లీ అయిందట. పనివాళ్లు వాకిలి దగ్గర మొదలెట్టి తింటూ తింటూ గర్భగుడి దాకా వెళ్లిపోయారట. అలా హాలు ఖాళీ అయిందట. సాంబారు సంగతేంటని సాహిత్య అడిగింది, గొంతులో నవ్వు దాచుకుని.

"ఏడాదికోసారి నైలు ఎర్రబడుతుందమ్మా" అన్నారాయన గంభీరంగా. "వరద మట్టి అని పుస్తకాల్లో రాస్తారు. రాసుకోనీ."

వంశీధర్ కళ్ల ముందు ఆ గుడి నిలబడింది. స్తంభాల మధ్య ఆవిరి, ఆవిరిలో బంగారు రంగు వెలుగు, ఆ వెలుగులో సాహిత్య నడిచి వస్తోంది. ఆ వెలుగు ఎంత బాగుందంటే అతని కళ్లు నిజంగానే చికిలించుకున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది, అది ఈజిప్టు వెలుగు కాదని.

రెండు రోజుల మబ్బు కిందనుంచి అంచు చిరిగింది. ఆ చిరుగులోంచి సూర్యుడు, ఎర్రగా, పెద్దగా, పక్కింటి కప్పు మీదకి దిగుతున్నాడు. సరిగ్గా శేషగిరి గారి తల వెనక. తూర్పు మేకు పైన.

వంశీధర్‌కి మొదట అది అందంగా కనిపించింది. తర్వాత లెక్క తేలింది. సాయంత్రం సూర్యుడు తూర్పున దిగడు కదా. దారం అటే లాగారు, గుంజలు అలాగే పాతారు, కుర్చీలు అటే వేశారు. రేపు తనూ సాహిత్యా పీటల మీద కూర్చుని చూసేది పడమటి వైపు. మంగతాయారు గారు ఇంకా ఇంటి వైపే తిరిగి ఆకులు గుచ్చుతోంది. ఆవిడ తల ఒక్కసారి ఇటు తిప్పితే చాలు, వచ్చే ఏడాది, రాజమండ్రి. నోరు మూసుకుంటే? ఇంకో పావుగంటలో సూర్యుడు దిగిపోతాడు, చీకటి పడుతుంది. కానీ రేపు తొమ్మిదింటికి అదే సూర్యుడు తమ వీపుల వెనకనుంచి వస్తాడు కదా, పంతులు గారికి తెలీదా? పీటల మీదనుంచి లేపేస్తారు. అది ఇంకా ఘోరం.

శేషగిరి గారు అప్పటికి చివరి అంకానికి వచ్చారు. గుడి అయింది. గర్భగుడిలో దేవుడి మొహం మీద ఉదయపు వెలుగు తిన్నగా పడాలి, అదొక్కటే మిగిలింది. రాజు దిగులుగా కూర్చున్నాడు. అప్పుడు ఈయన నైలుని కాస్త పక్కకి జరగమని, గట్టు మీద నిలబడి, సూర్యుణ్ని పిలిచారట. సూర్యుడు వచ్చాడట. రావడమే కాదు, ఎక్కడ ఉదయించమంటారు శేషగిరి గారూ, అని చేతులు కట్టుకుని అడిగాడట.

"నేను మేకు కొట్టి చూపించాను. ఇదుగో, ఇక్కడ, రోజూ, మర్చిపోకు, అన్నాను. అంతే. అప్పటినుంచీ ఇవాళ్టి వరకూ నేను మేకు కొట్టిన చోటు దాటి పోయింది లేదు. మాటంటే మాటే. నేను రమ్మంటే వస్తాడు, పొమ్మంటే..."

వంశీధర్ లేచి నిలబడ్డాడు. గడ్డి అంటుకున్న చేతులు జోడించాడు. వేళాకోళం చేసే తెలివి అతనికి లేదు. దారి తప్పినవాడు దారి అడిగినట్టు అడిగాడు.

"అంకుల్, మీ మాట వింటాడు కదా. కాస్త వెనక్కి రమ్మనండి. మీ తూర్పులో మునిగిపోతున్నాడు."

శేషగిరి గారు మెల్లగా వెనక్కి తిరిగారు. లక్ష్మీనారాయణన్న తిరిగాడు. చివరికి మంగతాయారు గారు కూడా, సూదిలో ఆకు సూదిలోనే ఉంచి, తిరిగింది. పక్కింటి కప్పు మీద సగం సూర్యుడు కూర్చుని వాళ్ల వైపే చూస్తున్నాడు. శేషగిరి గారు చెయ్యి ఒకసారి పైకెత్తి, దేనికెత్తారో తెలీక, తల గోక్కున్నారు.

సాహిత్యే మెట్టు దిగి వచ్చింది. "అంకుల్, ఈజిప్టులో మధ్యాహ్నం సూర్యుడు సౌత్ వైపు ఉంటాడు, అందుకని నీడ నార్త్‌కి పడుతుంది. ఇక్కడ సూర్యుడే నార్త్‌లో ఉంటాడు, నీడ సౌత్‌కి పడుతుంది. స్కూల్లో ఫస్ట్ అదే చెప్తారు ఇక్కడ" అంది. "మీ మెథడ్ కరెక్టే. కంట్రీయే రాంగ్."

మంగతాయారు గారు లేచింది. గుంజల మధ్యకి వెళ్లి, రెండు పీటలూ చేత్తో పట్టి అటునుంచి ఇటు తిప్పింది. ఒక పీట మీద తనే కూర్చుని చూసింది. ఎదురుగా తూర్పు, అసలైన తూర్పు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఇనప ఫెన్సు. పంతులు గారికి పక్కగా నిలబడితే చోటు సరిపోతుందేమో. చుట్టాలు మాత్రం పట్టరు. వాళ్ల కుర్చీలన్నీ వీపు వెనకే.

"వచ్చినవాళ్లంతా పిల్లల వీపులు చూసి పోతారా?" అంది. ఆవిడ పెదవులు ఆ తర్వాతి మాట కోసం దగ్గరకొచ్చాయి. అది ఏ మాటో వంశీధర్‌కి తెలుసు. అతను కళ్లు మూసుకున్నాడు.

"చూడనీ అమ్మా" అంది సాహిత్య. "నువ్వు మూడు రోజులు కూర్చుని కుట్టిన పూలజడ ఉండేది వీపు మీదే కదా. చుట్టాల వైపు తిరిగి కూర్చుంటే ఎవడు చూస్తాడు దాన్ని?"

మంగతాయారు గారు పీట మీద కదలకుండా కూర్చుంది. ఆ జడకి మల్లెలు దొరక్క ఆవిడ ఊరంతా తిరిగింది, చేమంతులతో, గులాబీ రేకులతో, కంటి చూపు సరిగా ఆనకపోయినా వేలు పొడుచుకుంటూ కుట్టింది. మొహాలే చూస్తారు, జడ ఎవరు చూస్తారులే అన్న బాధ ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మెడ తిప్పి వెనక కుర్చీల వైపు చూసింది, ముందు వరసనుంచి చివరి వరస దాకా. ఆ చూపులో జడ పొడుగు కొలుస్తున్నట్టు కనిపించింది వంశీధర్‌కి.

"తొమ్మిదిన్నరకి ముహూర్తం" అంది లేస్తూ. "పంతులు గారిని ఏడింటికే తీసుకొచ్చి ఇంట్లో కూర్చోబెట్టండి."

వంశీధర్ ఊపిరి వదిలాడు. అంత గాలి తన లోపల ఉందని అతనికి అప్పటిదాకా తెలీదు. సాహిత్య పక్కనుంచి వెళుతూ అతని చొక్కాకి అంటుకున్న గడ్డిపరక తీసి పారేసింది. ఆ గడ్డిపరకని వెతుక్కోవాలనిపించింది అతనికి.

శేషగిరి గారు ఎస్కీ డబ్బా మీదనుంచి లేచి, గొంతు సవరించుకున్నారు. "అసలు ఆ జడ సంగతి ఆలోచించే అమ్మా, నేను ఆ నీడని..."

"అన్నా" అన్నాడు లక్ష్మీనారాయణన్న, టీ కప్పులు ఏరుకుంటూ. "సూర్యుడు పోయిండు. ఇగ నువ్వు గూడ లోపటికి నడు."